ఒక ఖాళీ పైపు వేసుకోండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఉత్తరాల పేజీకి నేను రాయడం ఇది మూడోసారి. మొదటిసారి మా వీధి కల్వర్టు గురించి రాశాను, రెండోసారి పెన్షనర్ల వైద్య బిల్లుల గురించి. రెండూ వేశారు. కల్వర్టు బాగుపడింది కూడా. ఈసారి వైఫై అందని గదికి నెట్ తీసుకెళ్ళడం గురించి, ఉత్తరం పొడుగైంది. కుదించాలని చూశాను గాని, కుదిస్తే చదివినవాళ్ళకి పని జరగదనిపించింది. మీ చోటును బట్టి కత్తిరించుకోండి, ఇల్లు కట్టేటప్పుడు నెట్ కేబులు కోసం గోడలో వేసుకోవలసిన ఖాళీ పైపు సంగతి మాత్రం ఉంచండి.

నాది తణుకు. 1986లో టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరాను. 2000 అక్టోబర్ 1న శాఖ కాస్తా బీఎస్ఎన్ఎల్ అయింది. 2020 జనవరి 31న స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని ఒక్కరోజునే బయటికొచ్చిన 78 వేల పైచిలుకు మందిలో నేనూ ఒకణ్ణి. రాగి తీగతో బతికినవాణ్ణి. వైఫై అంటే నాకు మొదట్నుంచీ కొంచెం చిన్నచూపే, దాచుకోను.

మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏడో నెలలో సీమంతం చేసి పురిటికి తీసుకొచ్చాం. మెటర్నిటీ సెలవు 26 వారాలు ఇస్తారు, అందులో కాన్పుకి ముందు వాడుకోగలిగేది ఎనిమిది వారాలు. ఎంత ఆలస్యంగా మొదలుపెడితే పుట్టాక బిడ్డతో అంత ఎక్కువ రోజులు ఉండొచ్చు కదా. అందుకని ఎనిమిదో నెల దాటేదాకా ఇంటి నుంచే పనిచేస్తానంది, వాళ్ళ మేనేజరు సరేనన్నాడు. కంపెనీ లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. పెరటి వైపు గదిలో కిటికీ పక్కన బల్ల వేశాం. గాలి బాగా వస్తుంది, పనస చెట్టు నీడ, వీధి గోల వినపడదు. వైఫై కూడా వినపడదని రెండో రోజుకి తెలిసింది.

మీటింగులో ఉండగా అమ్మాయి మొహం తెరమీద బొమ్మలా ఆగిపోయేది. 'వినపడుతోందా? ఇప్పుడు వినపడుతోందా?' రోజంతా ఇదే మాట. ఆఫీసు లోపలి సర్వర్లకి కలిపే వీపీఎన్ పది నిమిషాలకోసారి తెగేది, తెగినప్పుడల్లా పాస్‌వర్డు, దాని మీద ఫోనుకొచ్చే ఇంకో నంబరు. కడుపుతో ఉన్న పిల్ల, లాప్‌టాప్ చంకన పెట్టుకుని హాల్లోకీ గదిలోకీ తిరగడం చూసి మా ఆవిడకి టెన్షన్. 'ముప్పై ఏళ్ళు ఊరందరి ఫోన్లూ బాగుచేశారు, ఇంట్లో పిల్లకి ఓ తీగ ఇవ్వలేరా' అంది. తీగ కాదే, గాలిలో వస్తుంది అన్నాను. చివరికి ఆవిడ మాటే నిజమైంది, ఆ కథ ముందుంది.

మొదట నెట్ కంపెనీకి ఫోన్ చేశాం. మా వైపు లైను శుభ్రంగా ఉంది, ఇంట్లో వైఫై ఇచ్చే బాక్సు (రౌటరు) మీద ఎర్రలైటు లేదు, మీ లాప్‌టాప్‌లోనే తేడా ఉంది అన్నారు. అమ్మాయి ఆఫీసు హెల్ప్‌డెస్కుకి కంప్లైంటు పెడితే వాళ్ళు, లాప్‌టాప్ బాగానే ఉంది, మీ ఇంటి నెట్‌లోనే తేడా ఉంది అని మూడుసార్లు కంప్లైంటు మూసేశారు. నాకు కోపం రాలేదు. ఎందుకంటే నేనూ అదే చెప్పి బతికాను. ఎక్స్చేంజి నుంచి చూస్తే 'టెస్ట్ ఓకే' అని రాసి చీటీ మూసేసేవాళ్ళం. ఆ రెండు మాటల అవతల ఎవరి ఇంట్లో ఏ ముసలాయన డాక్టరుకి ఫోన్ కలవక కూర్చున్నాడో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు బల్లకి ఇటువైపు నేను కూర్చున్నాను, అంతే తేడా.

లాప్‌టాప్ సంగతి చెప్పాలి, ఈ ఉత్తరానికి అసలు కారణం అదే. హైదరాబాద్‌లో ఉన్న మా అల్లుడు ఫోన్లో ఒక్కొక్కటీ చెప్పేవాడు: 'మామయ్యగారూ, వైఫై కార్డు సెట్టింగుల్లోకి వెళ్ళి బ్యాండు మార్చమనండి.' బ్యాండు అంటే వైఫై నడిచే రేడియో మార్గం. వెళ్తే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు అడిగేది. 'కొత్త డ్రైవరు వేయమనండి' (వైఫై కార్డుని నడిపే ప్రోగ్రాం) అంటే మళ్ళీ అదే పాస్‌వర్డు. సిగ్నల్ కొలిచే చిన్న ప్రోగ్రాం దించుకుందామంటే అదీ వద్దంది. పెన్‌డ్రైవ్ పెడితే గుర్తే పట్టలేదు. మన ఇంట్లో మన బల్ల మీదే ఉంది గాని అది మనది కాదు. అద్దె ఇంట్లో మేకు కొట్టడానికి కూడా ఇంటివాళ్ళని అడిగినట్టు.

మా పక్కింటి కుర్రాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఓ పెన్‌డ్రైవ్ తెచ్చి, దీంతో ఆన్ చేస్తే అడ్మిన్ పాస్‌వర్డు తీసిపారేయొచ్చు అంకుల్ అన్నాడు. అమ్మాయి లాప్‌టాప్ మూసేసి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. 'నాన్నా, ఇలాంటిది చేస్తే నా ఉద్యోగం పోతుంది, నెట్ లేకపోతే ఉద్యోగం పోదు.' దాని మాటే సరైనది. పాఠకులెవరికైనా ఇలాంటి కుర్రాడు దొరికితే కాఫీ ఇచ్చి పంపేయండి. ఆ తాళాలు వేసింది ఊరికే కాదు, లోపల వేరేవాళ్ళ డబ్బు, వేరేవాళ్ళ వివరాలు ఉంటాయి. నా పేరు వేయొద్దని ఉత్తరం చివర అడుగుతున్నది కూడా ఆ కంపెనీ ఏదో ఎవరికీ తెలియకూడదనే.

హెల్ప్‌డెస్కు వల్ల అస్సలు పని జరగలేదని చెప్పను. నాలుగోసారి దొరికిన అబ్బాయి ఓపికగలవాడు. దూరం నుంచి లాప్‌టాప్‌లోకి వచ్చి డ్రైవరు కొత్తది వేస్తానన్నాడు. కాకపోతే నెట్ బాగుచెయ్యడానికి అతను నెట్ మీదే రావాలి, గదిలో ఉంటే సగంలో తెగిపోయేది. అమ్మాయి హాల్లో బాక్సు కింద కుర్చీ వేసుకుని ఇరవై నిమిషాలు కూర్చుంది, పని అయింది. దానివల్ల పెద్ద తేడా రాలేదు. కానీ డ్రైవరు లాంటివి వాళ్ళనే అడగాలి, వాళ్ళొక్కరే చెయ్యగలరు. మిగతావన్నీ, ఇక్కడ నేను చెప్పబోయేవన్నీ, లాప్‌టాప్‌ని ముట్టుకోకుండా చేసినవే.

పాత లైన్‌మన్ బుద్ధితో మొదట చేసింది, తప్పు ఏ ముక్కలో ఉందో విడదీయడం. పోల్ నుంచి ఇంటి దాకా ఒక ముక్క, ఇంటి గోడ నుంచి ఫోను దాకా ఒక ముక్క, ఫోను ఒక ముక్క. ఒక్కొక్కటే తప్పించి చూడాలి. లాప్‌టాప్‌ని హాల్లో బాక్సు కింద పెట్టి స్పీడు చూశాం. మాది వంద ఎంబీపీఎస్ (నెట్ వేగానికి కొలత) ప్లాను, 94 వచ్చింది. అంటే లైను మంచిది, లాప్‌టాపూ మంచిదే. పెరటి గదిలో బల్ల మీద అదే లాప్‌టాప్‌లో 5. అదే బల్ల మీద నా ఫోన్లో చూస్తే 7. ఫోను కూడా ఏడుస్తోందంటే లాప్‌టాప్‌ని అనుమానించే పనిలేదు. రెండు కంపెనీల మధ్య పది రోజులు నలిగిన తగువు పావుగంటలో తేలింది: తమ వైపు బాగానే ఉందని ఇద్దరూ నిజమే చెప్పారు, చెడ్డది మధ్యలో ఉన్న మా ఇల్లు.

సిగ్నల్ అంకె కూడా చూడొచ్చు, ప్రోగ్రాం ఏదీ దించక్కర్లేదు. విండోస్‌లో వెతికే గడిలో సీఎండీ (cmd) అని కొడితే నల్ల తెర వస్తుంది. అందులో నెట్‌ష్, డబ్ల్యూలాన్, షో, ఇంటర్‌ఫేసెస్ అనే నాలుగు ఇంగ్లీషు మాటలు (netsh wlan show interfaces) వరసగా కొడితే సిగ్నల్ ఎంత శాతమో, ఏ ఛానలో చూపిస్తుంది. మా అమ్మాయి లాప్‌టాప్‌లో దీనికి పాస్‌వర్డు అడగలేదు. గదిలో 38 శాతం. హాల్లో 96. మూలన కనపడే గీతల కంటే ఈ అంకె నమ్మదగ్గది, గీతలు మూడున్నా పని జరగదు ఒక్కోసారి. 65, 70 శాతం దాటితే వీడియో మీటింగుకి మామూలుగా సిగ్నల్ ఇబ్బంది ఉండదు.

ఇక ఇల్లు. 1994లో నేనే దగ్గరుండి కట్టించుకున్నది. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. నెట్ పెట్టిన కుర్రాడు కేబులు వీధి వైపు వెంటిలేటరులోంచి లోపలికి తెచ్చి, తలుపు పైన మేకు కొట్టి బాక్సు తగిలించి వెళ్ళిపోయాడు. కేబులు ఎక్కడ దూరితే బాక్సు అక్కడ. అతన్నేం అనను, రోజుకి ఇన్ని ఇళ్ళని లెక్క ఉంటుంది పాపం. కానీ 'ఎవరు ఏ గదిలో కూర్చుని పనిచేస్తారండీ' అని అతనూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్కడి నుంచి పెరటి గదికి గీత గీస్తే మధ్యలో రెండు ఇటుక గోడలు, మా పడకగది, ఆ గది నైరుతి మూల మా ఆవిడ ఇనప బీరువా.

ఇనప బీరువా అంటే వైఫైకి ఇనప గోడే. దాని తలుపుకి నిలువెత్తు అద్దం ఒకటి, అద్దం వెనక పూతా అలాంటిదే. నాలుగడుగులు పక్కకి జరిపితే ఎంత మారుతుందో చూద్దామన్నాను. నైరుతి మూల బరువు కదపడమా, అదీ ఇంట్లో పురుడు పోసుకునే పిల్ల ఉండగా? ఆ మాట మళ్ళీ అనలేదు. వాస్తు నమ్మకపోయినా ఆవిడని నమ్మాలి.

సరే, గాలి మార్గాన ఎంతవరకు వస్తుందో చూద్దామనుకున్నాను. బాక్సు అడుగున చీటీ మీద యూజర్ నేమ్, పాస్‌వర్డు ఉంటాయి. ఫోన్లో బ్రౌజరు తెరిచి 192.168.1.1 కొడితే బాక్సు లోపలి పేజీ వస్తుంది, దీనికీ లాప్‌టాప్ అక్కర్లేదు. మా బాక్సు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండులూ ఒకే పేరుతో ఇస్తోంది. వాటికి రెండు వేరే పేర్లు పెట్టాను. అప్పుడు లాప్‌టాప్‌లో బ్యాండు మార్చే సెట్టింగు తాళంలో ఉన్నా ఫర్వాలేదు, కావలసిన పేరు ఎంచుకుంటే చాలు, బ్యాండు మారినట్టే. కంపెనీ లాప్‌టాప్ ఉన్నవాళ్ళకి ఇది బాగా పనికొచ్చే చిట్కా. దగ్గర గదుల్లో ఉండేవాళ్ళు 5 పేరు పట్టుకోండి, అది వేగమైనది. మాకు మాత్రం ఉపయోగపడలేదు. 5కి వేగం ఎక్కువ, గోడలంటే గిట్టదు. పెరటి గదికి వచ్చేసరికి పేరు కూడా కనపడలేదు.

2.4లో ఛానల్ మార్చాను. ఫోన్లో ఓ ఉచిత యాప్ వేసి చూస్తే మా చుట్టుపక్కల పదకొండు ఇళ్ళ వైఫై పేర్లు కనపడ్డాయి, సగం పైగా 6వ ఛానల్ మీదే, మాదీ అందులోనే. ఒకే లైను మీద నలుగురు ఒకేసారి మాట్లాడితే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. 2.4లో ఒకదాన్నొకటి ఒరుసుకోని ఛానళ్ళు మూడే, 1, 6, 11. మాకు 1 ఖాళీగా ఉంది, అందులోకి మార్చాను. సిగ్నల్ 38 శాతం అలాగే ఉంది, స్పీడు మాత్రం 5 నుంచి 9 అయింది. సిగ్నల్ పెరగలేదు, పక్కవాళ్ళతో పోట్లాట తగ్గిందంతే. మా ఆవిడ మైక్రోవేవ్‌లో అన్నం వేడి చేసినప్పుడు మాత్రం మళ్ళీ పడిపోయేది. మైక్రోవేవ్ పనిచేసేదీ ఇంచుమించు ఆ 2.4 దగ్గరే.

తర్వాత అల్లుడు ఆన్‌లైన్‌లో రిపీటర్ పంపాడు, వైఫైని అందుకుని మళ్ళీ ముందుకి పంపే చిన్న పెట్టె. 1,400 రూపాయలు. దాన్ని తీసుకెళ్ళి అమ్మాయి గదిలో ప్లగ్గుకి పెట్టాం. గీతలన్నీ నిండుగా వచ్చేశాయి! అందరం సంతోషించాం. స్పీడు చూస్తే 5. ఛానల్ మార్చి సంపాదించిన నాలుగూ పోయాయి. ఆలోచిస్తే తప్పు మాదే. ఆ గదిలోకి సరిగా వినపడని మాటనే అది విని పెద్దగా చెబుతోంది. పైగా వినేదీ చెప్పేదీ ఒకే నోటితో, అందుకని సగం సమయం వినడానికే పోతుంది. పడకగదిలో పెడితే కాస్త నయం, ఇరవై దాకా వచ్చేది, మధ్యమధ్య తెగేది. రిపీటర్లు చెడ్డవని అనను. గదిలో పెట్టకుండా, సిగ్నల్ బాగా అందే చోట, సగం దారిలో పెట్టాలి. చాలామంది మాలాగే ఆఖరి గదిలో పెట్టి తిట్టుకుంటారు.

ఇదంతా అయ్యేసరికి రెండు వారాలు. ఓ రాత్రి పడుకోబోతూ గోడ వంక చూశాను. పడకగది గోడకి, స్విచ్ బోర్డు కింద, తెల్లటి చిన్న చదరపు బిళ్ళ ఉంది. రంగు వేసినప్పుడల్లా దాని మీద కూడా వేసేశాం, ఎవరికీ గుర్తులేదు. అది మా పాత ప్యారలల్ ఫోను పాయింటు.

ఇల్లు కట్టేటప్పుడు, ఎలాగూ టెలిఫోన్ వాణ్ణి కదా అని, హాల్లో ఫోను స్టాండు దగ్గర నుంచి పడకగదికీ, అక్కడి నుంచి పెరటి గదికీ గోడలో ముప్పావంగుళం పైపు వేయించాను. మేస్త్రీ నవ్వాడు. ఒక ఇంట్లో మూడు ఫోన్లు ఎందుకు సార్, కలెక్టరా మీరు అన్నాడు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ ఫోన్లు పోయాయి, పైపు గోడలో ఉండిపోయింది. పెరటి గదిలో దాని నోరు సరిగ్గా అమ్మాయి బల్ల వెనకే ఉంది. పదిహేను రోజులు దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

తెల్లారి బజారుకెళ్ళి పాతిక మీటర్ల క్యాట్‌-6 రకం నెట్ కేబులు, దాని చివరలకి బిగించే నాలుగు కొనలు, కొనలు నొక్కే పట్టకారు, చిన్న టెస్టరు తెచ్చాను. కొనలు బిగించి అమ్మే తయారు కేబులు తీసుకోలేదు, ఆ కొన పైపు మలుపులో తిరగదు. పాత ఫోను తీగ చివరికి కొత్త కేబులు కట్టి, టేపు చుట్టి, పెరటి గది వైపు నుంచి నేను లాగుతుంటే హాలు వైపు నుంచి పక్కింటి కుర్రాడు వదిలాడు. పెన్‌డ్రైవ్ కుర్రాడే, పని చెబితే మంచివాడు. మధ్య పాయింటు దగ్గర కాస్త పట్టేసింది. కొబ్బరినూనె రాశాం. వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందటి తీగ మొత్తం నా చేతిలోకి వచ్చి, దాని వెనకే కొత్తది తల బయటపెట్టినప్పుడు నాకు కలిగిన ఆనందం ఉత్తరంలో రాయడం కష్టం.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి రాయాలి, రాయకపోతే అబద్ధమవుతుంది. మా పాత రాగి కేబుళ్ళలో తీగలు జతలు జతలుగా ఉంటాయి: తెలుపు-నీలం, తెలుపు-నారింజ, తెలుపు-ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, తెలుపు-బూడిద, ఆ తర్వాత ఎరుపుతో మళ్ళీ మొదలు. నిద్రలో లేపినా చెబుతాను. జతకి జత పక్కపక్కన కలపడం చేతికి అలవాటైన పని. ఈ కేబులులోనూ నాలుగు జతలే, రంగులూ చుట్టాలే. అలవాటు కొద్దీ జతలన్నీ పక్కపక్కన పెట్టి కొన నొక్కేశాను: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు-నీలం, నీలం, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు వైపులా అలాగే. టెస్టరు పెడితే ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. బాక్సు మీద పచ్చలైటు వచ్చింది. నెట్ మాత్రం వైఫై కంటే అధ్వాన్నం.

గంటసేపు బుర్ర గోక్కున్నాను. ఆ రాత్రి అల్లుడు ఫోన్ చేసి, 'మామయ్యగారూ, ఆకుపచ్చ జతని విడదీసి నీలం జతకి అటొకటి ఇటొకటి పెట్టాలండి' అన్నప్పుడు అర్థమైంది. సరైన వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కొనలో మూడో కాలికీ (పిన్నుకీ) ఆరో కాలికీ ఒకే జత తీగలు వెళ్ళాలి. నేను చేసింది మా భాషలో 'స్ప్లిట్ పెయిర్'. ఒక జతలో ఒక తీగ, ఇంకో జతలో ఇంకో తీగ కలిసిపోవడం. రెండు తీగలు మెలిపెట్టి ఉంచేది, బయటి గోల రెండింటిలోనూ సమానంగా చేరి ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలని. జత మారితే ఆ లాభం పోతుంది. ఫోన్ల రోజుల్లో అయితే పక్కవాళ్ళ మాటలు మన ఫోన్లో వినపడేవి. టెస్టరు దీన్ని పట్టలేదు, ఎందుకంటే అది తీగ ఈ చివర నుంచి ఆ చివరికి ఉందా లేదా అనే చూస్తుంది. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో వాళ్ళ స్ప్లిట్ పెయిర్లు వెతికి పట్టుకున్నవాణ్ణి, నా ఇంట్లో నా చేత్తో నేనే ఒకటి వేశాను. కొనలు కోసేసి మళ్ళీ నొక్కాను. మా ఆవిడకి ఈ సంగతి ఈ ఉత్తరం అచ్చయితేనే తెలుస్తుంది.

కేబులు గదికి వచ్చింది సరే, లాప్‌టాప్‌కి గుచ్చడానికి రంధ్రం లేదు. ఇప్పటి లాప్‌టాపులు పల్చన చేసే ఉబలాటంలో లాన్ పోర్టు తీసేస్తున్నారు. యూఎస్‌బీకి గుచ్చే చిన్న లాన్ అడాప్టరు దొరుకుతుంది, కాని కంపెనీ ఒప్పుకున్న రకమే పనిచేస్తుందట. హెల్ప్‌డెస్కులో అడిగితే, పంపిస్తాం, మేనేజరు అనుమతి కావాలి అన్నారు. ఆ లోపు ఏం చెయ్యాలి?

అటక మీద మా పాత ఇంటర్నెట్ బాక్సు ఉంది, రాగి లైను మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చే రోజులది. దాన్ని దించి దుమ్ము దులిపాను. కేబులుని దాని లాన్ రంధ్రంలో గుచ్చాను. లోపలి పేజీలో రెండు మార్పులు చేశాను. దాని చిరునామా 192.168.1.2గా మార్చాను, ఎందుకంటే రెండు బాక్సులకీ 192.168.1.1 ఉంటే ఒకే ఇంటి నంబరుతో రెండిళ్ళున్నట్టు, పోస్ట్‌మన్ తికమకపడతాడు. డీహెచ్‌సీపీ అనేది ఆపేశాను. ఇంట్లో ఫోన్లకీ లాప్‌టాపులకీ నంబర్లు పంచేది అదే, పంచేవాడు ఒక్కడే ఉండాలి, ఆ పని హాల్లో బాక్సే చేస్తుంది. ఈ మార్పులు కేబులు గుచ్చకముందే చెయ్యాలి, నేను గుచ్చాక చేసి అరగంట ఇంటిల్లిపాదికీ నెట్ లేకుండా చేశాను. తర్వాత దాని వైఫైకి కొత్త పేరు, గట్టి పాస్‌వర్డు పెట్టాను. అంతే. దూరం అంతా తీగ నడిచింది, ఆఖరి మూడడుగులు మాత్రం గాలి.

అమ్మాయి లాప్‌టాప్‌లో ఏమీ మార్చలేదు. కొత్త వైఫై పేరు నొక్కి పాస్‌వర్డు కొట్టింది, ఏ హోటల్లోనైనా కొట్టినట్టే. సిగ్నల్ 98 శాతం. స్పీడు నలభై. బాక్సు పాతది కాబట్టి అంతకంటే ఇవ్వదు, వీడియో మీటింగుకి తెగకుండా వస్తే నాలుగైదు ఉన్నా చాలు. ఆ మర్నాడు మూడు గంటల మీటింగులో అమ్మాయి 'వినపడుతోందా' అని ఒక్కసారి కూడా అనలేదు. తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. లాన్ అడాప్టరు తొమ్మిది రోజులకి కొరియర్లో వచ్చింది. దాన్ని విప్పనే లేదు.

ఇంత రాసింది నా గొప్ప చెప్పుకోవడానికి కాదని సంపాదకులు గ్రహించాలి (కొంచెం ఉంది, కొట్టేయకండి). బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీస వేగం 2004లో 256 కేబీపీఎస్ (వెయ్యి కేబీపీఎస్ అయితే ఒక ఎంబీపీఎస్) అన్నారు, 2013లో 512 చేశారు, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ చేశారు. ఆ లెక్కలన్నీ లైనుకి. మనిషి కూర్చునేది పెరటి గదిలో. లైను ఇంటి గుమ్మం దాకా వచ్చాక బల్ల దాకా తీసుకెళ్ళే బాధ్యత ఎవరిదీ కాదు: నెట్ కంపెనీది కాదు, ఉద్యోగమిచ్చిన కంపెనీది కాదు, ఇల్లు కట్టిన బిల్డరుదీ కాదు. చాలా కొత్త అపార్టుమెంట్లలో టీవీ పాయింటుకి పైపు, ఏసీకి పైపు, ఇన్వర్టరుకి పైపు వేస్తారు. నెట్‌కి మాత్రం 'వైఫై ఉంది కదండీ' అంటారు. ఆ వైఫై కాంక్రీటు స్తంభాలూ, టైల్సు వేసిన బాత్రూము గోడలూ దాటి రావాలని ఎవరూ ఆలోచించరు.

అందుకని ఇల్లు కడుతున్నవాళ్ళకి నా మనవి. ఇంట్లోకి నెట్ కేబులు వచ్చే చోటు నుంచి ప్రతి గదికీ ఒక ఖాళీ పైపు వేయించండి, పాతిక ఎంఎంది. అందులో ఒక జీఐ తీగ (జింకు పూసిన ఇనప తీగ) వదిలిపెట్టండి, రేపు లాగడానికి. మలుపులు తక్కువ ఉండాలి, ఎల్బోలు కాకుండా వంగిన బెండులు వేయమనండి. కరెంటు వైర్లు అందులోకి రానివ్వకండి, అది ప్రమాదం కూడా. రేపు ఏ తీగ వస్తుందో నాకు తెలియదు. 1994లో నేను ఫోను కోసమని వేశాను, 2025లో అందులో ఇంకేదో నడుస్తోంది. ఇప్పటికే కట్టేసిన ఇళ్ళవాళ్ళు పాత ఫోను పాయింట్ల కోసం గోడలు వెతకండి, రంగు కింద దాక్కుని ఉంటాయి. నెట్ పెట్టేవాళ్ళు వచ్చినప్పుడు టీవీ ఎక్కడుందని కాకుండా, పనిచేసే మనిషి ఎక్కడ కూర్చుంటారో చూపించి, బాక్సు ఆ దగ్గర్లో పెట్టమనండి. ఆ రోజు ఇంకో పది మీటర్ల ఫైబరు లాగడం వాళ్ళకి పెద్ద పని కాదు, తర్వాత మనకి పెద్ద పని.

అమ్మాయి సెలవు మొదలైంది. లాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టారు, నైరుతి మూలే.

ఇక ఈ ఉత్తరం త్వరగా వేయమని అడగడానికి ఒక కారణం ఉంది. మా వీధి చివర ఒక కుటుంబం ఇల్లు కడుతోంది. భార్యాభర్తలిద్దరూ ఇంటి నుంచే పనిచేసేవాళ్ళు. వచ్చే గురువారం స్లాబు, ఊచలు కట్టడం అయిపోవచ్చింది, కరెంటు పైపులు పరుస్తున్నారు. వెళ్ళి చెప్పాను. వాళ్ళ మేస్త్రీ నవ్వాడు, అంతా గాలిలో వస్తుంటే పైపు ఎందుకు సార్ అన్నాడు. ఇంటాయన కూడా నవ్వి ఊరుకున్నాడు. పొద్దున్నే కుర్చీ వేసుకుని ఆయన మొదట చదివేది మీ పేపరే. కుదిరితే బుధవారం లోపు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా.
(పేరు ప్రచురించవద్దని మనవి.)